ఇప్పకొమ్మ మీది వాండా

శ్రోతలకు నమస్కారం. ఏటూరునాగారం అడవిలోనో, పాఖాల చెరువు చుట్టుపక్కలనో తలెత్తి నడిచే అలవాటున్నవారికి, ఇప్పకొమ్మను పట్టుకుని, దళసరి పట్టీల వంటి ఆకులను రెండు వరుసలుగా పేర్చుకుని, తెల్లని లావుపాటి వేర్లను గాలిలోకి వదిలిన మొక్క ఒకటి కనిపించే ఉంటుంది. చెట్టు మీద చెట్టు కనిపిస్తే చాలు, మనం దానిని బదనిక అనేస్తాము. ఆ మాట దీనికి అన్యాయమని నా అభిప్రాయం. అసలైన బదనిక కొమ్మలోనికి వేరు దించి, దాని నీటిని పీల్చుకుంటుంది. ఇది కొమ్మ మీద కూర్చుంటుంది, అంతే.

దీని పేరు వాండా టెసిల్లేటా. వాండా అనేది సంస్కృతంలోని ‘వందా’ నుండి వచ్చినది. టెసిల్లేటా అంటే గళ్లు గలది. వేసవి చివర, వానల మొదట్లో పూసే ఈ పూల రేకుల మీద గళ్ల తువాలు నేసినట్లు గోధుమరంగు గీతలుంటాయి. పెదవి వంటి కింది రేకు మాత్రం ఊదారంగు.

పూలకన్నా నాకు ఇష్టమైనది దీని గింజ కథ. పెసరగింజను చూడండి, అందులో పప్పు ఉంటుంది. మొలక తన కాళ్ల మీద నిలబడేవరకు తల్లి కట్టి ఇచ్చిన సద్దిమూట అది. వాండా గింజలో పప్పు లేదు. నెలల తరబడి ముదిరి పగిలిన ఒక్క కాయలో నుండి గింజలు లెక్కకందనన్ని, పిండికన్నా సన్నగా, గాలికి లేచిపోతాయి. ఒక్కదాని వెంటా సద్ది లేదు. ఏ బెరడు పగులులోనో పడిన గింజకు తగిన శిలీంధ్రం తారసపడితే, దాని పోగులు లోనికి చొచ్చుకుని ఆహారం అందిస్తాయి. అప్పుడు గింజ ముందుగా వేరూ ఆకూ లేని చిన్న పచ్చటి ముద్దగా మారి, ఆ తరువాతనే మొక్క అవుతుంది. శిలీంధ్రం దొరకని గింజ అక్కడే ముగిసిపోతుంది. దొరికినది పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది.

నేను చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. ఒక ఏడు గాలిదుమారానికి మా ఊరి పొలిమేరలో విరిగిపడిన కొమ్మ మీది వాండాను ఇంటికి తెచ్చి, ఎర్రమట్టిలో పశువుల ఎరువు కలిపి, కుండీలో పాతి, రెండు పూటలా నీళ్లు పోశాను. నెల తిరగకముందే వేర్లు మెత్తబడి, వేలితో తాకితే పైపొర ఊడి వచ్చింది. ఆ తెల్లని పొర స్పంజి వంటిది. వాన పడితే నీటిని పీల్చుకుని పచ్చబడుతుంది, ఎండితే మళ్లీ తెల్లబడుతుంది. గాలి ఆడవలసిన ఆ వేరును నేను మట్టిలో పూడ్చిపెట్టాను.

సమయం దగ్గరపడింది కనుక ఒక్క మాట చెబుతాను. చెట్టు మీద ఉన్నదానిని పీకకండి. కొమ్మతో సహా నేల రాలినది కనిపిస్తే మట్టిలో పెట్టకండి, మట్టిలో మాత్రం పెట్టకండి. దగ్గరలోనే, కొంత నీడపట్టున, గరుకు బెరడున్న మరొక కొమ్మకు పాత నూలుగుడ్డ పీలికతో వదులుగా కట్టండి. రెండు మూడు వానకాలాలకు ఆ పీలిక చివికి రాలిపోయేనాటికి, కొత్త వేర్లు బెరడును పట్టుకుని ఉంటాయి.