300వ ర్యాంకు అమ్మాయి బతుకు లెక్క

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో పిల్లల్ని తెల్లారకముందే లేపి కోచింగ్‌కి తీసుకెళ్లే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. మీకు సానియా మీర్జా గురించి నేను చెప్పక్కర్లేదు. 2007లో టెన్నిస్ సింగిల్స్‌లో 27వ ర్యాంకు, 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్, మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు. మీ పిల్ల చేతికి రాకెట్ ఇచ్చిన రోజు మీ మనసులో ఉన్నది ఆ పేరే అయ్యుంటుంది. ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది ప్రపంచ ర్యాంకుల్లో 250కీ 500కీ మధ్య ఏళ్ల తరబడి ఆడే అమ్మాయిల గురించి. మన హైదరాబాద్‌లోనే పెరిగిన సహజ యమలపల్లి, శ్రీవల్లి రష్మిక భమిడిపాటి, ప్రాంజల యడ్లపల్లి లాంటివాళ్ల దారి గురించి.

ముందు ఈ మెట్లు ఎలా ఉంటాయో చెప్తాను. మహిళల్లో అట్టడుగు ప్రొఫెషనల్ టోర్నమెంటు పేరు డబ్ల్యూ15. దానిమీద డబ్ల్యూ35, 50, 75, 100. గెలిచినవాళ్లకి ఎన్ని పాయింట్లో ఆ అంకె చెప్తుంది. డబ్ల్యూ15లో వారమంతా ఆడి టైటిల్ కొడితే 15 పాయింట్లు. మొదటి రౌండ్‌లో ఓడితే సున్నా. 300 చుట్టుపక్కల ఉండాలంటే రెండు వందల పైచిలుకు పాయింట్లు కావాలి. అవైనా చేతిలో ఉండిపోవు. ఈ వారం సంపాదించిన పాయింట్లు వచ్చే ఏడాది ఇదే వారానికి పోతాయి. జ్వరమొచ్చినా, మడమ బెణికినా ఆ లెక్క ఆగదు.

ఇక డబ్బు. డబ్ల్యూ15లో మొదటి రౌండ్‌లో ఓడిన అమ్మాయికి దక్కేది 150 డాలర్లకు అటూఇటూ. మన డబ్బుల్లో 12, 13 వేలు. అందులో పన్ను కోత ఉంటుంది. శంషాబాద్ నుంచి ట్యునీషియాలోని మొనాస్టిర్‌కో, టర్కీలోని అంతాల్యాకో వెళ్లిరావడానికి ఆ డబ్బు ఏ మూలకు? అక్కడికే ఎందుకు వెళ్తారంటే, ఒకే రిసార్టులో వారం తర్వాత వారం టోర్నమెంట్లు జరుగుతాయి, ఒక్క టికెట్‌తో మూడు నాలుగు వారాలు ఆడుకోవచ్చు. ఎంట్రీ దాదాపు రెండున్నర వారాల ముందే వేయాలి. మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో నేరుగా చోటుందా, దానికి అర్హత సాధించే క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఆడాలా అన్నది చివరిదాకా తేలదు. తేలాక కొంటే టికెట్ రేటు మండిపోతుంది. వీసా టెన్షన్ సరేసరి.

అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2013 సీజన్ లెక్కలు తీసి ఒక అధ్యయనం చేసింది. ఖర్చులకూ ప్రైజ్ మనీకీ చెల్లుకు చెల్లు కావాలంటే మహిళలు 253వ ర్యాంకులో ఉండాలని తేలింది. అదీ కోచ్ ఖర్చు కలపకుండా! అంటే 300వ ర్యాంకు అమ్మాయి ప్రపంచంలోని కోట్లాది ఆడపిల్లల్లో మూడు వందలలోపు నిలబడి కూడా చేతి చమురు వదిలించుకుంటూ ఆడుతోందన్నమాట.

ఇప్పుడు ఇంకో అంకె వినండి. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ మొదటి రౌండ్‌లో ఓడినవాళ్లకే 35 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇచ్చారు. దాదాపు 18, 19 లక్షల రూపాయలు. మెయిన్ డ్రా మొదటి రౌండ్‌లో ఓడితే 1 లక్షా 32 వేల డాలర్లు, అంటే 70 లక్షల పైచిలుకు. ఆ క్వాలిఫయింగ్‌లోకి నేరుగా వెళ్లడానికి సుమారు 230, 240 లోపు ర్యాంకు చాలు. 235కీ 265కీ ఆటలో తేడా ఎంతని అడిగితే, నేను చూసినంతలో ఒక్క రెండో సర్వ్ అంత. బతుకులో తేడా మాత్రం ఒక ఏడాది ఖర్చు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది, దాచుకోను.

కోర్టు పక్కన కూర్చుని చూస్తే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. చిన్న టోర్నమెంట్ల క్వాలిఫయింగ్‌లో బాల్ కిడ్స్ ఉండరు. పాయింట్ అయ్యాక ఆ అమ్మాయే ఫెన్స్ దాకా నడిచి బంతులు ఏరుకుంటుంది. మ్యాచ్ మధ్యలో రాకెట్ తీగ తెగితే బ్యాగులో మిగిలిన రాకెట్లు లెక్కపెట్టుకుంటుంది, ఎందుకంటే ప్రతి స్ట్రింగింగ్‌కీ, అంటే కొత్త తీగలు వేయించడానికి, డబ్బు కట్టాలి. గెలిస్తే గదికెళ్లి రేపటి బట్టలు బాత్‌రూంలో ఉతుక్కుని ఫ్యాన్ కింద ఆరేస్తుంది. తర్వాత ఫోన్ తీస్తుంది, రేపు పొద్దున ప్రాక్టీస్‌కి ఎవరు దొరుకుతారా అని అందరికీ మెసేజ్ పెడుతుంది.

ఆ ఫోన్‌లోనే తిట్లూ ఉంటాయి. ఈ చిన్న మ్యాచ్‌ల మీదా ప్రపంచమంతా పందేలు కాస్తారు. 2024లో 458 మంది క్రీడాకారులకు దాదాపు 8 వేల దూషణ సందేశాలు వచ్చాయనీ, వాటిలో 40 శాతం పందెం డబ్బు పోగొట్టుకున్నవాళ్లవేననీ టెన్నిస్ సంఘాలే లెక్క చెప్పాయి. ఓడి, ఒంటరిగా గదిలో కూర్చున్న ఇరవై ఏళ్ల పిల్ల అవి చదువుతుంది. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే: మ్యాచ్ అయిన గంటదాకా ఆ ఫోన్ మీ దగ్గర పెట్టుకోండి.

మరి ఇలాంటి బతుకులో నిలబడేదెలా? ఒకరికి ఒకరి దారి పనికిరాదు. సహజ అమెరికా వెళ్లి, టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీ తరఫున ఆడి, డిగ్రీ చదివి, ఆ తర్వాత ప్రొఫెషనల్‌గా దిగింది. 2024లో దేశంలో నంబర్ వన్ అయింది. చదువు పక్కన పెట్టకపోతే ఆట పోతుందనే మాట నేను ఇక నమ్మను. ప్రాంజల 2018లో 265 దాకా వెళ్లింది, గాయం ఆమెను చాలాకాలం కోర్టుకు దూరం చేసింది. రష్మిక 2025 ఏప్రిల్‌లో పుణెలో మహిళల దేశాల జట్ల పోటీ అయిన బిల్లీ జీన్ కింగ్ కప్ ఆడినప్పుడు ర్యాంకు 300 దరిదాపుల్లోనే. ఐదు సింగిల్స్ ఆడింది, ఐదూ గెలిచింది. భారత్ ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. అది పుణెలో, మనవాళ్ల చప్పట్ల మధ్య జరిగిందన్న సంగతి గమనించండి.

అసలు నేను ఇక్కడికి రావడానికి కారణం ఇదే. సానియా మొదటి డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్‌లో పెద్ద టోర్నమెంట్లు నడిపే సంఘం) డబుల్స్ టైటిల్ 2004లో, మొదటి సింగిల్స్ టైటిల్ 2005లో గెలిచింది. రెండూ హైదరాబాద్ ఓపెన్‌లోనే, మన ఊళ్లోనే. 2005 ఫైనల్‌లో అలోనా బొండరెంకోను మూడు సెట్లలో ఓడించింది. డబ్ల్యూటీఏలో సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారత మహిళ అయింది. ఆ టోర్నమెంటు 2003 నుంచి 2005 వరకే ఇక్కడ జరిగింది, తర్వాత బెంగళూరు వెళ్లిపోయింది.

అంత పెద్ద టోర్నమెంటు రేపే మళ్లీ రావాలని నేను అడగడంలేదు. చలికాలంలో వరసగా మూడు వారాలు, మూడు డబ్ల్యూ35లు చాలు. విమానం ఉండదు, హోటల్ ఉండదు, అమ్మ చేతి అన్నం తిని ఆడతారు. ర్యాంకు చాలకపోయినా ఆడనిచ్చే వైల్డ్ కార్డులు మన చేతిలో ఉంటాయి, పదిహేడేళ్ల పిల్లలకి ఇవ్వొచ్చు. ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ ఉన్నారు. స్పాన్సర్‌షిప్ అనగానే పెద్ద పేరు కోసం వెతుకుతారు. మీరు ఒక ఫిజియో జీతం భరించండి, ఆ మూడు వారాల స్ట్రింగింగ్ ఖర్చు భరించండి, బంతుల డబ్బాలు కొనివ్వండి. ఏం కావాలో కాగితం మీద రాసి తెచ్చాను. బయటికి వెళ్లేముందు ఒక కాపీ తీసుకోండి. ఇప్పుడు ప్రశ్నలు, ఆడే అమ్మాయిలకే మొదటి అవకాశం.