హాకర్‌కీ హ్యాకర్‌కీ మధ్య మా అరటిపళ్ల తాత

నమస్తే అండీ. మొన్న నెల్లూరు సంతపేట కాడ అరటిపళ్లు కొంటా ఉంటే, బండి తాత తన ఫోను నా మొహం ముందు పెట్టాడు. "ఇది చూడబ్బయా, హాకర్లకి లోన్లంట! ఓటీపీ అడిగి డబ్బులు కొట్టేసే దొంగోళ్లకి గవర్నమెంటు లోన్లిచ్చేదేంది?"

నవ్వాపుకోలేకపోయా. వార్త రాసింది ఆయన గురించే. హ్యాకరు కంప్యూటర్లలో దూరేవాడు, హాకరు వీధుల్లో అమ్ముకునేవాడు. మధ్యలో ఒక్క య-ఒత్తు తేడా, తాతను మాత్రం ఏమంటాం?

చదువుకున్నోళ్ల పొరపాటు ఇంకోటుంది. హాక్ అంటే డేగ గదా, డేగ మాదిరి జనం మీద పడి అమ్ముతాడు గాబట్టి హాకర్ అని. కత బాగుంది, నిజం మాత్రం కాదు. డేగ పేరు పాత ఇంగ్లీషుది. అమ్మేవాడి పేరు 1500ల కాలంలో జర్మనీ ఉత్తరపు వైపు నుంచి వచ్చింది. అక్కడ చిల్లర బేరగాణ్ని అట్టాంటి మాటతోనే పిలిచేవాళ్లు. నోట్లో పన్నుకీ మున్సిపాలిటీకి కట్టే పన్నుకీ చుట్టరికం ఎంతో, డేగకీ హాకరుకీ అంతే.

మరి పెడ్లర్ అని ఇంకో మాట ఉంది గదా, అదేంది? ఇంగ్లండులో ఈ తేడాకి చట్టాలే చేశారు. 1871 చట్టం ప్రకారం గుర్రమూ గాడిదా లేకుండా కాలినడకన తిరిగి అమ్మేవాడు పెడ్లరు. 1888 చట్టంలో జంతువును కట్టుకొని తిరిగేవాడు హాకరు. ఆ లెక్కన నెత్తిన గంపతో మన వీధికొచ్చే చేపలక్క పెడ్లరే. కానీ ఆ మాట ఆమె ముందు అనబాకండి! మన పేపర్లలో పెడ్లర్ అని కనపడితే పక్కనే గంజాయి పొట్లాలుంటాయి. ఆ మాట పరువు పోయి చాన్నాళ్లయింది.

హాకర్ పరువు మాత్రం ఊరిని బట్టి మారుతుంది. మన రైల్వే చట్టం, 1989ది, 144వ సెక్షన్లో లైసెన్సు లేకుండా రైల్లో అమ్మడాన్నీ, అడుక్కోవడాన్నీ ఒక్క చోటే కట్టేసింది. పల్లీలమ్మే పిల్లోడి చెమటకి అది మర్యాదేనా? అదే సింగపూరులో హాకర్ల తిండి సెంటర్లంటే జనానికి గర్వం. ఆ సంస్కృతిని 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టింది. ఇక తెల్లారక ముందే మన గుమ్మంలో పేపరేసే కుర్రోణ్ని కూడా హాకరనే అంటాం.

నన్నడిగితే వెండర్ అనండి. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ఆ మాటే వాడింది. అందులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది: హాకర్, పెడ్లర్, ఇంకా ఆయా ప్రాంతాల్లో వాడే అట్టాంటి పేర్లన్నీ వీధి వ్యాపారి కిందికే వస్తాయని రాశారు. అంటే తోపుడు బండాయన, గంపమ్మ, సైకిలు మీద ఐసమ్మే అబ్బాయి, వీళ్లను మనం పిలిచే పిలుపులకి కూడా ఢిల్లీ చట్టంలో చోటుంది. తాత చూసిన లోను సంగతీ అంతే. పీఎం స్వనిధి, 2020లో మొదటి విడత 10,000 రూపాయలతో మొదలైంది. ఇంగ్లీషులో దాని పేరు విడదీస్తే మొదట వచ్చేది స్ట్రీట్ వెండరే.

ఇదంతా తాతకి చెప్పి, "నువ్వు హాకరువి కాదు తాతా, వెండరువి" అన్నా. అరటి గెల మీద నీళ్లు చిలకరిస్తా ఆయన నా వంక అదోలా చూశాడు.

"వెండరంటే రిజిస్టరాఫీసు కాడ స్టాంపు కాగితాలమ్మేవాడు గదబ్బయా? పళ్లు డజనా, అర డజనా?"