వీధికి ఒక చివర ఖాళీగా వదలండి

అధ్యక్షులకు, పెద్దలకు, పిల్లలకు నమస్కారం. నాకు పది నిమిషాలు ఇచ్చారు కాబట్టి పేరుపేరునా చెప్పడం లేదు, ఏమీ అనుకోవద్దు. "ఇళ్ల మధ్యకి అడవి జంతువులు వస్తే తీసుకోవాల్సిన జాగ్రత్తలు" అన్నది టాపిక్. కాగితం మీద వరుసగా రాసుకునే వచ్చాను. కానీ లోపలికి వస్తుంటే తలుపు దగ్గర పిల్లలు అంటించిన జింక బొమ్మ కనబడింది. ఆ కాగితం తర్వాత చూద్దాం. ముందు ఒక సంగతి చెప్పేయాలి, అది చెప్పకుండా మిగతావి చెప్పడం నాకు చేతకాదు.

కొన్నేళ్ల కిందట ఒక తెల్లవారుజామున మా వీధిలోకి జింక వచ్చింది. మొదట చూసింది నేనే. ఎదురింటి గోడ పక్కన నిలబడి ఆకులు కొరుకుతోంది, ఒక చెవి నా వైపు, రెండోది రోడ్డు వైపు. అప్పుడు నేను తలుపు వేసుకుని లోపలికి వెళ్లిపోయి ఉంటే, వెలుగొచ్చేలోగా అది వచ్చిన దారినే పోయేది. నేనేం చేశానంటే, పక్కింటి వాళ్లని కేకేసి పిలిచాను. ఎంత ముద్దుగా ఉందో చూడండి అని.

పావుగంటలో వీధి నిండిపోయింది. ఇటు చివర జనం, అటు చివర జనం, అందరి చేతుల్లో ఫోన్లు. అది ఇటు పరిగెత్తుతుంది, జనాన్ని చూసి వెనక్కి తిరుగుతుంది, అటు పరిగెత్తుతుంది. రెండుసార్లు ఇనుప గేటుకి గుద్దుకుంది. చివరికి ఒక ఇంటి మెట్ల దగ్గర కూలబడింది. నాలుక పక్కకి వేలాడుతోంది, మూతి చుట్టూ నురగ, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఎవరో నోట్లో నీళ్లు పోశారు. నేను పక్కన కూర్చుని మెడ నిమిరాను. కదలకుండా పడుకుంది కదా, నెమ్మదించిందనుకున్నాం. నా అరచేతి కింద దాని చర్మం సన్నగా వణుకుతూనే ఉంది, ఆ వణుకు నాకిప్పటికీ గుర్తే.

ఫోన్ చేస్తే ఒకరు ఇంకొకరి నంబర్ ఇచ్చారు, వాళ్లు మరొకరిది ఇచ్చారు. ఎండెక్కాక ఎవరో వచ్చి తీసుకెళ్లారు. మర్నాడు చనిపోయిందని తెలిసింది. ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయమే లేదు.

మరి ఎందుకు పోయింది? ఒక పశువుల డాక్టర్‌ని అడిగాను. దీన్ని క్యాప్చర్ మయోపతి అంటారట. విపరీతమైన భయంతో, ఆగకుండా పరిగెత్తడంతో కండరాలు లోపలే దెబ్బతింటాయి, వాటిలోంచి వచ్చినవి రక్తంలో కలిసి కిడ్నీల్ని, గుండెని దెబ్బతీస్తాయి. అక్కడికక్కడే పోవచ్చు, గంటల తర్వాతో, కొన్ని రోజులకో కూడా పోవచ్చు. జింకల్లో ఇది మరీ ఎక్కువ. మరి నేను మెడ నిమిరానే అంటే, "జింక మెడ మీద చెయ్యి పడిందంటే దాని లెక్కలో పులి పట్టుకున్నట్టేనండి" అన్నారు. నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉందన్నారు. దానికి కావలసింది చీకటి, నిశ్శబ్దం, చుట్టుపక్కల మనిషన్నవాడు లేకపోవడం. మేం ఇవి తప్ప అన్నీ ఇచ్చాం.

సరే, కాగితం దగ్గరికి వస్తాను. ఎందుకొస్తున్నాయి అని రాసుకున్నాను. అడవులు తగ్గిపోవడం ఒక కారణం, అది మీకు తెలిసిందే. వాగుల వెంట, కాలువల వెంట రాత్రిపూట నడవడం వాటికి అలవాటు, మన ఇళ్లు ఆ దారి మీద కట్టుకున్నాం. చెత్త బయట పడేస్తాం, దానికోసం ఎలుకలు, కుక్కలు చేరతాయి, వాటికోసం ఇంకోటి వస్తుంది. వయసొచ్చిన మగ చిరుతలు తల్లిని వదిలి కొత్త చోటు వెతుక్కుంటూ బయల్దేరతాయి, దారిలో మనం తగులుతాం. అవి మన మీదికి రావడం లేదండీ, మనల్ని తప్పించుకోవడానికే చూస్తున్నాయి. 62 జాతుల జంతువుల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2018లో లెక్క చూస్తే, మనుషుల అలికిడి ఉన్నచోట అవి రాత్రిపూట తిరగడం సగటున 1.36 రెట్లు అయిందని తేలింది. పగలంతా మనకి వదిలేసి రాత్రికి సర్దుకుంటున్నాయి.

ఇందాక ఒక పెద్దాయన అడిగారు, పట్టుకుని దూరంగా వదిలేస్తే పోతుంది కదా అని. అయ్యా, మీ భయం నాకు అర్థమైంది, మీ మనవలు ఆరుబయట ఆడుకుంటారు. కానీ అలా చేసి చూశారు. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో 2001లో చిరుతల్ని పట్టి వేరేచోట్ల వదలడం పెద్దఎత్తున మొదలుపెట్టారు. అంతకుముందు ఏడాదికి సగటున 4 ఉండే దాడులు ఆ తర్వాత 17కి పెరిగాయి. చిరుతల మీద పరిశోధన చేసే విద్యా ఆత్రేయ, ఆమెతో పనిచేసినవాళ్లు ఈ లెక్కలు బయటపెట్టారు. తెలియని చోట దింపేస్తే బెదిరిన జంతువు ఇంటిదారి వెతుక్కుంటుంది, దారి పొడుగునా ఊళ్లే. ఇక్కడ ఖాళీ అయిన చోటికి ఇంకో చిరుత వస్తుంది.

మరి ఏం చేయాలి? చైనాలోని యునాన్‌లో 2021లో ఒక ఏనుగుల గుంపు దాదాపు 500 కిలోమీటర్లు నడిచి కున్‌మింగ్ నగరం శివార్లకి వచ్చేసింది. వాటిని తరిమికొట్టలేదు. పైనుంచి డ్రోన్లతో కనిపెట్టుకుని, వెళ్లకూడని వీధులకి లారీలు అడ్డం పెట్టి, వెళ్లాల్సిన దారి తెరిచి, అటువైపు మొక్కజొన్న, అనాసపళ్లు పెట్టారు. లక్షన్నర మందికి పైగా మనుషుల్ని పక్కకి జరిపారు. వినండి, జరిపింది మనుషుల్ని! ఒక్క ప్రాణం పోలేదు, ఆగస్టు 8న అవి నది దాటి తమ అడవి వైపు తిరిగి వెళ్లాయి. అంత పెద్ద ఏనుగుల గుంపుకి ఒక నగరం దారి ఇవ్వగలిగితే, ఒక జింకకి మా వీధి ఇవ్వలేకపోయింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పిల్లల్ని, పెంపుడు కుక్కల్ని లోపలికి తీసుకెళ్లండి. చిరుతలాంటిది ఎదురుపడితే పరిగెత్తకండి, వంగకండి, దాని వైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడవండి. ఏ జంతువు కరిచినా, గీరినా సబ్బు పెట్టి పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, రేబిస్ విషయంలో రేపు చూద్దామనుకోవద్దు. అటవీ శాఖ నంబర్ ఈరోజే ఫోన్లో వేసుకోండి, ఒకసారి చేసి అది పనిచేస్తోందో లేదో కూడా చూసుకోండి. వీడియో తీసినా అప్పటికప్పుడు గ్రూపులో పెట్టకండి, దయచేసి. మా వీధి నిండింది నా ఒక్క కేకతో, మీ వీధి ఒక్క మెసేజ్‌తో నిండిపోతుంది.

ఇప్పుడు నాకు నలుగురు కావాలి. జంతువు కనబడిందని ఫోన్ రాగానే ఇద్దరు వీధి ఒక చివర నిలబడి జనాన్ని ఆపాలి. ఒకరు అటవీ శాఖకి ఫోన్ చేసి వాళ్లు వచ్చేదాకా లైన్లో ఉండాలి. ఇంకొకరు వీధి రెండో చివర గేటు తెరిచి, లైట్లు ఆర్పి, అక్కడినుంచి వెళ్లిపోవాలి. వెళ్లిపోవడమే అన్నిటికంటే కష్టమైన పని, చూడాలనిపిస్తుంది. ఆ పనికి నా పేరు రాసుకున్నాను. మిగతా ముగ్గురూ చేతులెత్తండి. ఆ వెనక వరుసలో అమ్మాయీ, నీ పేరు చెప్పమ్మా.