ఏడు రాళ్ల దిద్దులు కొనేముందు

హోస్ట్: నమస్కారం. విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక నగల షాపు మేడమీద కూర్చున్నాం. కింద ఆటోల హారన్లు వినిపిస్తే సర్దుకోండి. మా బాబాయ్ ఇక్కడ రాళ్లు పొదిగే పని చేస్తారు. బాబాయ్, ల్యాబ్ వజ్రాలొచ్చాక గని వజ్రానికి దెబ్బేనంటున్నారు, నిజమా?

బాబాయ్: దెబ్బ తగిలింది, అబద్ధమెందుకు. కానీ ల్యాబ్ రాయి నకిలీ కాదు తల్లీ. అదీ కార్బనే, గట్టిదనమూ అంతే. మా లైన్లో సీవీడీ రాయంటాం. పల్చటి వజ్రపు పలకని విత్తనంలా యంత్రంలో పెట్టి, మీథేన్, హైడ్రోజన్ గ్యాసులు పంపి బాగా వేడి చేస్తారు. కార్బన్ పొరలు పొరలుగా దానిమీద పేరుకుంటుంది. కొన్ని వారాల్లో రాయి తయారు. ఇదిగో, ఈ టెస్టర్ పెన్ను చూడు. ఇది గని రాయి... (బీప్) ఇది సీవీడీ... (బీప్)

హోస్ట్: రెండింటికీ మోగిందేటి!

బాబాయ్: మోగుతుంది మరి. రాయిలో వేడి ఎంత వేగంగా పాకుతోందో అది చూస్తుంది. అమెరికన్ డైమండ్ లాంటి నకిలీదైతే పట్టేస్తుంది. ఇవి రెండూ వజ్రాలే కదా, తేడా తేల్చాలంటే ల్యాబులో పెద్ద మెషీన్లుండాలి. పెద్ద రాళ్లకైతే అంచుమీద లేజర్‌తో నంబరు చెక్కుతారు, లూప్, అంటే మా చిన్న భూతద్దం పెట్టి చదువుకోవచ్చు. ముక్కుపుడక రాయికి ఎవరు చెక్కుతారు? నా భయమంతా అక్కడే. చిన్న రాళ్ల పొట్లంలో ఎవడైనా నాలుగు సీవీడీవి కలిపేస్తే, ఇన్నేళ్ల నా కంటికీ ఆనదు.

హోస్ట్: మరి ధర?

బాబాయ్: గని వజ్రాల కంపెనీ డీబీర్సే 2018లో లైట్‌బాక్స్ పేరుతో ల్యాబ్ రాళ్లు పెట్టింది, క్యారెట్ 800 డాలర్లకి. అప్పట్లో అది చవక. ఆ తర్వాత బజార్లో రేటు ఇంకా జారింది. 2025లో ఆ బ్రాండే మూసేస్తున్నామన్నారు. మన దేశమూ 2023 బడ్జెట్‌లో ఆ విత్తనపు పలకలమీద కస్టమ్స్ సుంకం ఎత్తేసింది. యంత్రాలు పెరిగితే సరుకు పెరుగుతుంది, రేటు నిలబడమంటే ఎలా నిలబడుతుంది? దాంతోపాటు గని వజ్రం రేటూ కొంత దిగింది.

హోస్ట్: కెంపు, వైడూర్యాల సంగతేంటి? నర్సీపట్నం వైపు రంగురాళ్ల కోసం కొండలే తవ్వేస్తుంటారు కదా. వాటికీ ఇదే గతా?

బాబాయ్: కెంపు ఈ గండం ఎప్పుడో దాటింది. ఫ్రాన్స్‌లో వెర్నాయ్ అనే ఆయన, పొడిని మంటలో కరిగించి కెంపు చేసే పద్ధతిని 1902లోనే బయటపెట్టాడు. చవక కెంపులు వచ్చిపడ్డాయి. అయినా 2023లో మొజాంబిక్ కెంపొకటి, 55.22 క్యారెట్లది, న్యూయార్క్ వేలంలో 3.48 కోట్ల డాలర్లు పలికింది. ఎందుకంటే మచ్చలేని పెద్ద కెంపు గనిలో దొరకడమే అరుదు. పైగా మంటలో చేసినదైతే మైక్రోస్కోపులో వంపు గీతలు, గాలి బుడగలు బయటపడతాయి. మామూలు వజ్రానికి ఆ అరుదుతనం ఎక్కడిది? ఒక్క 2023లోనే ప్రపంచమంతా పది కోట్ల క్యారెట్ల పైన తవ్వారు. అందులో ఫ్యాక్టరీ పనులకి పోయేదీ ఉందనుకో. అందుకే దెబ్బ మామూలు వజ్రానికి. పేరున్న పెద్ద రాయికి, రంగు వజ్రానికి అంత బెంగ లేదు.

హోస్ట్: పిన్ని మరి చెల్లి పెళ్లికి ఏడు రాళ్ల దిద్దులు చేయిద్దామంటోంది. "ఆస్తిలా పడుంటాయి" అంటోంది.

బాబాయ్: (నవ్వు) నాతోనూ అదే పాట. ఆస్తి అంటే బంగారం కొనమన్నాను. గని వజ్రమైనా తిరిగి అమ్మబోతే కొన్న ధర రాదు, సీవీడీ రాకముందూ రాలేదు. సోకు కోసమైతే సీవీడీవి భేషుగ్గా పెట్టించుకోవచ్చు, వెలుగులో తేడా ఉండదు. కాకపోతే బిల్లు మీద ల్యాబ్ రాయో గని రాయో రాయించుకోవాలి. రాళ్ల బరువు విడిగా, బంగారం బరువు విడిగా ఉండాలి. తిరిగిస్తే ఎంతకి తీసుకుంటారో కూడా ఆ బిల్లులోనే ఉండాలి.

హోస్ట్: షాపువాళ్లు "మేం రాయం" అంటే?

బాబాయ్: లేచి పక్క షాపుకి వెళ్లడమే. ఈ వీధిలో నగల షాపులకేం కొదవ?