కొలకర్ర పట్టుకున్న మనిషి

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలోని మాస్టార్లకు, వెనక ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది, మన్నించాలి.

"ఐవర్‌మెక్టిన్: మట్టి నుంచి నోబెల్ దాకా" అని మాట్లాడమన్నారు. ఆ కథ మీకు తెలిసిందే. జపాన్‌లో సతోషి ఒమురా ఒక గోల్ఫ్ మైదానం దగ్గర తీసిన మట్టిలో బ్యాక్టీరియా దొరికింది. మెర్క్ కంపెనీలో విలియం క్యాంప్‌బెల్ బృందం దాన్నుంచి ఒంట్లో చేరే పురుగులకి మందు తీసింది, అదే ఐవర్‌మెక్టిన్. 2015లో ఇద్దరికీ నోబెల్. నదుల పక్కన ఊళ్లలో చూపు పోగొట్టే రివర్ బ్లైండ్‌నెస్ అనే జబ్బుకి ఆ మందు కావలసినంత, కావలసినన్నాళ్లు ఉచితంగా ఇస్తామని 1987లో మెర్క్ ప్రకటించింది, ఇప్పటికీ ఇస్తోంది. గొప్ప పనే, కాదనను. కానీ ప్రతి సభలోనూ కథ ఇక్కడ ఆపేసి చప్పట్లు కొడతారు. నా గొడవంతా అదే. మాత్ర ఫ్యాక్టరీ గేటు దాటితే కన్ను నిలుస్తుందా?

జబ్బు సంగతి రెండు ముక్కల్లో. ఉరవడిగా పారే నదుల్లో నల్ల ఈగలు పుడతాయి. అవి కుట్టినప్పుడు పురుగు ఒంట్లోకి ఎక్కుతుంది. పెద్ద పురుగులు చర్మం కింద గడ్డల్లో పది పదిహేనేళ్లు కాపురం ఉంటాయి. వాటి పిల్లలు కంటికి కనపడనంత సన్నవి, చర్మమంతా తిరిగి కంట్లోకీ పోతాయి. బతికున్న పిల్ల కన్నా చచ్చిన పిల్లే ఎక్కువ చేటు. చచ్చిన చోటల్లా వాపు, కొన్నేళ్లకి కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, తెల్లబడుతుంది, చూపు పోతుంది. అంతకుముందే రాత్రి నిద్రపోనివ్వని దురద. పశ్చిమాఫ్రికాలో బంగారంలాంటి నదీతీర భూములు వదిలేసి ఊళ్లకి ఊళ్లే లేచిపోయాయి.

ఈ మందు పెద్ద పురుగుని చంపదు. పిల్ల పురుగుల్ని ఊడ్చేస్తుంది, పెద్దదాన్ని కొన్ని నెలలు కననివ్వదు. అంటే ఆ పురుగు ముసలిదై చచ్చేదాకా ఏటా ఊరంతా మింగాలి. ఎవరు మింగిస్తారు? డాక్టరా? డాక్టర్ ఎక్కడున్నాడక్కడ! 1995లో మొదలైన ఆఫ్రికా కార్యక్రమం ఈ పనిని ఊళ్లకే అప్పగించింది. ఊరు తనలోంచి ఒకరిని ఎన్నుకుంటుంది. ఆ మనిషి చేతికి ఒక కర్ర ఇస్తారు.

ఆ కర్ర గురించి చెప్పనివ్వండి. తూకం యంత్రం లేదు కాబట్టి ఎత్తును బట్టి మోతాదు. కర్ర పక్కన నిలబెడతారు. 90 సెంటీమీటర్లు లేకపోతే మందు లేదు. అక్కణ్నించి 119 దాకా ఒక మాత్ర, 140 దాకా రెండు, 158 దాకా మూడు, ఆపైన నాలుగు. అంతే! గర్భిణికి ఇవ్వకూడదు, కాన్పయి వారం కాని తల్లికి ఇవ్వకూడదు, మంచాన పడ్డవాళ్లకి ఇవ్వకూడదు. అవన్నీ పుస్తకంలో రాసుకోవాలి. పొలం వెళ్లినవాళ్ల ఇంటికి మళ్లీ తిరగాలి. మింగాక పిల్ల పురుగులు చచ్చి ఒళ్లు దద్దుర్లెక్కినా, మొహం వాచినా తిట్లు ఆ మనిషికే. జీతం మాత్రం సున్నా.

చూపులేని పెద్దాయన్ని కర్ర కొసన పట్టుకుని నడిపించే కుర్రాడి విగ్రహం చూశారా? జెనీవాలో డబ్ల్యూహెచ్‌ఓ దగ్గర ఉంది, వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకులో ఉంది, మెర్క్ వాళ్ల దగ్గరా ఉంది. బాగుంటుంది. కొలకర్ర పట్టుకున్నవాళ్లకి ఏదయ్యా విగ్రహం?

అధ్యక్షులవారు చీటీ పంపారు, అయిపోయిందండీ, ఒక్క మాట. మధ్య ఆఫ్రికాలో లోవా లోవా అనే ఇంకో పురుగు ఉంది. అది రక్తంలో మరీ ఎక్కువగా ఉన్నవాళ్లకి ఈ మందిస్తే మెదడుకే ప్రమాదం. అక్కడ కర్ర ఒక్కటే చాలదు, ముందు రక్తం చూడాలి. ఇంకోపక్క, 2013లో కొలంబియా ఈ జబ్బును వదిలించుకున్న మొదటి దేశమైంది. ఆఫ్రికాలో మొదటిది నైజర్, 2025 జనవరిలో. అక్కడ హెలికాప్టర్లతో నదుల మీద మందు చల్లి ఈగల్ని చంపిన పాత కార్యక్రమానికీ వాటా ఉంది, నిజమే.

ప్రశ్నలుంటే అడగండి. ఐవర్‌మెక్టిన్ కోవిడ్‌కి పనిచేస్తుందా అని మాత్రం అడగొద్దు. పెద్ద పరీక్షల్లో పనిచెయ్యలేదని తేలింది.