శుభలేఖలో ఎన్ని అడ్రసులుంటాయి? వెండర్ మాస్టర్‌లోనూ అంతే!

నమస్కారమండి. ఈ వీడియో కాస్త కోపంతో చేస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా.

మొన్న మన బెంగళూరు పీణ్యలో తెలిసినవాళ్ల ఫ్యాక్టరీకి వెళ్లాను. జీఎస్‌టీ లెక్క కుదరడం లేదంటే చూద్దామని. వెండర్ మాస్టర్, అంటే సప్లయర్ల వివరాలన్నీ దాచే రికార్డు తెరిస్తే, ప్రతి సప్లయర్ ఫారంలోనూ ‘షిప్పింగ్ అడ్రస్’ అన్న గడిలో ఏముందనుకున్నారు? వీళ్ల సొంత గోడౌన్ అడ్రస్! ఎంట్రీ చేసిన కుర్రాడిది మదనపల్లె. అడిగితే, "సరుకు మనకే కదక్కా రావాల్సింది?" అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. వాడికి ఎవరూ చెప్పలేదు. కానీ ఇదే తప్పు నేను ఇంకెన్ని చోట్ల చూడాలి?

టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఎలా తెరవాలి, సండ్రీ క్రెడిటర్స్ (మనం డబ్బివ్వాల్సినవాళ్లు) కింద లెడ్జర్, అంటే ఖాతా ఎలా వేయాలి, అవన్నీ మీకు తెలుసు. వదిలేస్తున్నా. సాఫ్ట్‌వేర్ ఏదైనా గడుల పేర్లు మారతాయి గానీ గొడవ ఒకటే.

[శుభలేఖ కెమెరాకి చూపించాలి]

ఇది మా పిన్ని కూతురి పెళ్లి శుభలేఖ. కవరు మీద ఎవరి పేరుంది? మనది. లోపల? మన ఊసే లేదు. పెళ్లివారి ఇల్లు ఒకచోట, కల్యాణ మండపం ఇంకోచోట, మగపెళ్లివారి విడిది మరోచోట. అడుగున రెండు ఫోన్ నంబర్లు. వెండర్ మాస్టర్ అంటే ఈ లోపలి కార్డు. అందులో ప్రతి గడీ వాళ్ల గురించే. మన గోడౌన్ అడ్రస్ కవరు మీద రాయాలి, అంటే పర్చేజ్ ఆర్డర్‌లో. ఈ వారం పీణ్యకి రమ్మంటాం, వచ్చే వారం బొమ్మసంద్రకి రమ్మంటాం. అది వెండర్‌కి సంబంధించిన సంగతి కాదు, మన సంగతి.

సరే, లోపలి కార్డులో మూడు చోట్లు ఎందుకున్నాయి? ఇక్కడే అసలు విషయం ఉంది.

ముందు ఇల్లు. వెండర్‌కి ఇల్లు అంటే, మనకొచ్చే బిల్లు మీద ఏ జీఎస్‌టీ నంబర్ ఉందో ఆ నంబర్ రిజిస్టరైన అడ్రస్. విజిటింగ్ కార్డు మీద ఉన్నది కాదు, సేల్స్ అతను వాట్సాప్‌లో పంపిందీ కాదు. జీఎస్‌టీ పోర్టల్‌లో నంబర్ కొడితే లీగల్ పేరు, ట్రేడ్ పేరు, ప్రధాన వ్యాపార స్థలం అన్నీ కనిపిస్తాయి. అందులోంచే ఎక్కించండి.

[స్క్రీన్ మీద: జీఎస్‌టీ నంబర్ విడగొట్టి చూపించాలి]

ఆ నంబర్‌లో 15 అక్షరాలు. మొదటి 2 రాష్ట్రం కోడ్. తర్వాతి 10 పాన్. కర్ణాటక 29, తమిళనాడు 33, తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. పాన్ అంటే ఇంటిపేరు అనుకోండి. అన్నదమ్ములు వేరే ఊళ్లలో కాపురాలు పెట్టినా ఇంటిపేరు మారదు కదా. కంపెనీ కూడా అంతే. ఇంకో రాష్ట్రంలో ప్లాంటు పెడితే కొత్త కాపురం, కొత్త జీఎస్‌టీ నంబర్. మధ్యలో ఉన్న పాన్ మాత్రం అదే.

పీణ్య ఫ్యాక్టరీలో జరిగింది సరిగ్గా ఇదే. వాళ్ల సప్లయర్‌కి హెడ్ ఆఫీసు పీణ్యలోనే, పిన్ 560058. సరుకు, బిల్లు మాత్రం వచ్చేది హోసూరు ప్లాంటు నుంచి. హోసూరు మనకి ఎంత దూరమండి? నలభై కిలోమీటర్లు. వెళ్తే తెలుగులోనే బేరమాడి రావచ్చు. అయినా జీఎస్‌టీ దృష్టిలో అది తమిళనాడు, వేరే రాష్ట్రం. లక్ష రూపాయల సరుకుకి 18 శాతం చొప్పున సప్లయర్ 18,000 ఐజీఎస్‌టీ, అంటే రాష్ట్రం దాటే సరుకుకి వేసే పన్ను వేశాడు. మన కుర్రాడు మాస్టర్‌లో పీణ్య అడ్రస్, కర్ణాటక అని ఎక్కించాడు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఏం చేసింది? ఒకే రాష్ట్రంలో అమ్మకం అనుకుని, కేంద్రానికి 9,000 సీజీఎస్‌టీ, రాష్ట్రానికి 9,000 ఎస్‌జీఎస్‌టీ అని చీల్చింది. మొత్తం చూస్తే రెండూ ఒకటే! బిల్లు మొత్తం సరిపోయింది, పేమెంట్ వెళ్లిపోయింది, ఎవరికీ అనుమానం రాలేదు. నెల తిరిగి జీఎస్‌టీఆర్-2బీతో, అంటే సప్లయర్లు చూపించిన బిల్లులతో పోర్టల్ ఇచ్చే పట్టికతో పోల్చినప్పుడు గానీ బయటపడలేదు. అక్కడ ఐజీఎస్‌టీ కనిపిస్తోంది, మన పుస్తకంలో లేదు. అప్పుడు మొదలైంది టెన్షన్.

పెళ్లి పీణ్యలో అనుకుని అందరం ఇక్కడ కూర్చున్నాం, తలంబ్రాలు హోసూరులో పడిపోయాయి. అదీ సంగతి.

మరి రెండు అడ్రసులూ ఎలా పెట్టాలి? టాలీలో అయితే హోసూరుకి వేరే లెడ్జర్ వేసి, పేరు చివర ఊరు తగిలించడం నాకిష్టం. ఎస్ఏపీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో ఆ వెండర్‌కి ‘బిజినెస్ పార్ట్‌నర్’ అన్న పేరుతో ఒక్కడే ఉంటాడు, వాడి కింద చాలా అడ్రసులు పెట్టొచ్చు. ఏ పద్ధతైనా సరే, ఎంట్రీ వేసేవాడు బిల్లు మీది జీఎస్‌టీ నంబర్‌లో మొదటి రెండంకెలు చూసి ఎంచుకోవాలి. పిన్ చూసి రాష్ట్రం ఊహించకండి. యానాం పిన్ 533464. చుట్టూ ఆంధ్రే, పిన్ కూడా గోదావరి జిల్లాల వరసలోదే. కానీ యానాం పుదుచ్చేరిది, కోడ్ 34!

పిన్ అన్నాను కాబట్టి ఒక మాట. తెలియకపోతే 560001 కొట్టేసే అలవాటు ఒకటుంది మన వాళ్లకి. అది జీపీఓ పిన్. బెంగళూరు వెండర్లందరూ పోస్టాఫీసులో కాపురమున్నట్టు! 50,000 రూపాయలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు, అంటే రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం వేసేటప్పుడు పోర్టల్ దూరాన్ని పిన్‌ల నుంచే లెక్కేస్తుంది. ఇంకా మన ఊరి క్రాసుల సంగతి తెలిసిందే. ఐదో క్రాస్ ప్రతి లేఅవుట్‌లోనూ ఉంటుంది. కాబట్టి స్టేజీ, బ్లాకు, లేఅవుట్ పేరు లేకుండా ‘5వ క్రాస్, గణపతి గుడి ఎదురుగా’ అని రాస్తే డ్రైవర్ ఊరంతా ప్రదక్షిణం చేస్తాడు.

ఇక మండపం. అంటే సరుకు బయల్దేరే చోటు. సరుకు పాడైతే తిప్పి పంపేది కూడా ఇక్కడికే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వెండర్‌కి 12 పెట్టెలు రిటర్న్ వేశాం. మాస్టర్‌లో ఒకే అడ్రస్ ఉంది. అది వాళ్ల ఓనరు ఉండే అపార్ట్‌మెంటుదని మాకు తెలియదు. పెట్టెలు ఆయన లిఫ్ట్ ముందు దిగాయి. ఆయన భార్య ఫోన్ చేసి తిట్టిన తిట్లు, ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ రోజు నవ్వు రాలేదు. అడ్రస్ ఎక్కించింది నేనే మరి.

విడిది అంటే చెక్కులు, బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్లు (బాకీ ఎంతో సరిచూసుకునే ఉత్తరాలు) వెళ్లే చోటు. అది ఇంటికే అయితే వేరే పెట్టక్కర్లేదు.

ఇప్పుడు ఫోన్ నంబర్లు. శుభలేఖలో పెళ్లికొడుకు నంబర్ ఎప్పుడైనా చూశారా? ఉండదు. మేనమామదో, బాబాయిదో ఉంటుంది. ఎందుకంటే ఆ రోజు పని నడిపేది ఆయన. మనవాళ్లు మాత్రం ఓనరు మొబైల్ ఒక్కటే ఎక్కిస్తారు. బండి బయల్దేరిందా అని అడగాలన్నా ఆయనకే, టీడీఎస్ సర్టిఫికెట్ గురించి మాట్లాడాలన్నా ఆయనకే. ఆయనెత్తడు. ఆర్డర్లకి ఒకరు, డిస్పాచ్‌కి ఒకరు, అకౌంట్స్‌కి ఒకరు. మూడు కాంటాక్టులు పెట్టి, పేరు పక్కన ఏ పనికో రాయండి. పేరూ నంబరూ అడ్రస్ లైన్లో ఇరికించకండి, ఆ పేరు ప్రింటయ్యే ప్రతి కాగితం మీదా వస్తుంది. అతను ఉద్యోగం మానేసి మూడేళ్లయినా వస్తూనే ఉంటుంది. ఇంకా, నంబర్ తెలియక పది తొమ్మిదులు కొట్టేవాళ్లకి ఒక దండం.

పన్నెండు నిమిషాలైపోయింది, మిగతావి గబగబా చెప్పేస్తా. కొత్త వెండర్ వేసే ముందు పేరుతో వెతక్కండి, జీఎస్‌టీ నంబర్‌తో వెతకండి. వెంకటేశ్వర అన్న ఒక్క పేరుకే ఎన్ని స్పెల్లింగులున్నాయో మీకు తెలుసు. ఊరి పేరు కూడా ఒకేలా రాయండి. 2014 నవంబరు 1 నుంచి అధికారికంగా బెంగళూరే అయినా ఇంకా బ్యాంగలూర్ అని కొడితే రిపోర్టులో రెండు ఊళ్లవుతాయి. అడ్రస్ మారితే పాతది చెరిపేయకండి, తేదీ వేసి పక్కన పెట్టండి. లేకపోతే నిరుడు వేసిన ఆర్డర్ మళ్లీ ప్రింట్ తీస్తే దాని మీద కొత్త అడ్రస్ పడే ప్రమాదముంది. వెండర్‌కి ఉద్యమ్ నంబర్, అంటే చిన్న సంస్థల రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటే అదీ ఎక్కించండి. సూక్ష్మ, చిన్న సంస్థలకి రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకి మించి పేమెంట్ ఆపకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. 2006 చట్టం అది.

చివరగా బ్యాంకు. "మా అకౌంట్ మారింది, ఇకపై దీంట్లో వేయండి" అని మెయిల్ వస్తే, ఆ మెయిల్ అడుగున ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి కనుక్కోవద్దు. ఆ నంబర్ పెట్టింది ఎవరో మనకేం తెలుసు? మాస్టర్‌లో ముందు నుంచీ ఉన్న నంబర్‌కే చేయండి. మండపం మారిందని ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెడితే, ముందు మేనమామకే కదా ఫోన్ చేస్తాం.

యానాం నుంచి చూస్తున్నవాళ్లుంటే కామెంట్ పెట్టండి. మీకు బిల్లులేసేవాళ్లు 34 అని వేస్తున్నారా, 37 అని వేస్తున్నారా? నాకు నిజంగా తెలుసుకోవాలనుంది.