అటక మీది తప్పెట
(కడపలో కాపరులు, యువజనుల కూడికలో చెప్పిన మాటలు)

అందరికీ వందనాలు. అయ్యగార్లు, అమ్మగార్లు ముందు వరసల్లో ఉన్నారు, యూత్ పిల్లోళ్ళంతా వెనక ఫ్యాన్ల కింద సర్దుకున్నారు, కాబట్టి కొంచెం గట్టిగానే మాట్లాడతాను. నాకిచ్చిన అంశం సువార్త, స్థానిక సంస్కృతి. ఇట్లాంటి కూడికల్లో ఏం చెబుతారో మీకు తెలుసు, నేనూ చెప్పినవాణ్ణే. దొరలొచ్చి మనకు కోటూ బూటూ ఆర్గనూ నేర్పించారు, ఇకనైనా మన దీపం వెలిగించుకుని, చాపల మీద కూర్చుని, మన రాగాల్లో పాడుకుంటే ఏసుప్రభువు మన ఊరివాడైపోతాడు అని. అందులో అబద్ధమేం లేదు. కాకపోతే ఆ 'మన' అనే మాట దగ్గర నాకొకసారి గట్టిగా దెబ్బ తగిలింది. ఈ రోజు అదే చెబుతాను.

మాది జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె, అందులో మాదిగపేట. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఎవరో పెద్దాయన ప్రసంగం విని ఆవేశం వచ్చి, క్రిస్మస్ ఆరాధనకు మా జేజినాయన తప్పెటను అటక మీది నుంచి దించాను. చర్మం ఎండి చిట్లిపోయి ఉంటే కొత్తది వేయించాను. గుడి బయట జొన్నసొప్ప మంట వేసి కాచాం. కాచకుండా కొడితే తడిగోనెసంచిని కొట్టినట్టుంటుంది, బాగా కాగి బిగుసుకున్నాక మాత్రం వేలితో తట్టినా ఖంగుమంటుంది. లోపలికి తెచ్చి మొదటి కీర్తనకు దరువు ఎత్తుకున్నానో లేదో, మా పెదనాయన, ఆయన సంఘపెద్ద, లేచి చెప్పులేసుకుని బయటికి పోయాడు. తిరిగి రాలేదు. ఆ రోజు బిర్యానీ కూడా తినలేదు. సాయంత్రం నేను పోయి అడిగితే ఒకటే అన్నాడు: "ఆ చప్పుడు మానడానికే రా మీ జేజినాయన ఈ గుడికొచ్చింది."

నాకది అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. తప్పెట నాకు కళ. మా జేజినాయనకు అది చాకిరీ. జాతర అంటే పోవాలి, పెద్దింట్లో చావంటే అర్ధరాత్రయినా పోవాలి, దండోరా అంటే ఊరంతా తిరగాలి, ఒంట్లో బాగలేదంటే తిట్లు, రానంటే దెబ్బలు. ఇచ్చేది కళ్ళంలో మిగిలిన గింజలు. బాప్తిస్మం తీసుకున్నవాడు జాతరకు వాయించకూడదని పాదిరి దొర చెప్పాడు, ఆయన లెక్కలో అది విగ్రహారాధన. మావాళ్ళకు ఆ మాట సాకుగా పనికొచ్చింది. "మేం ఏసు గుడిలో కలుసుకున్నాం అయ్యా, ఇంక కొట్టకూడదంట" అని ఊళ్ళో చెప్పడానికి ఒక దారి దొరికింది. దొర ఒక కారణానికి వద్దన్నాడు, మావాళ్ళు ఇంకో కారణానికి సరేనన్నారు. ఇప్పుడు మనం ఏసీ హాల్లో కూర్చుని 'మిషనరీలు జానపద కళను చంపేశారు' అని పేపర్లు చదువుతున్నాం.

ఇంకొంచెం వెనక్కి పోదాం. సంస్కృతిలో కలిసిపోవడం అంటే అందరూ చెప్పే పేరు రాబర్ట్ డి నోబిలి. 1606లో మదురైకి వచ్చిన ఇటలీ జెసూట్, అంటే ఆ పేరున్న కాథలిక్ సభకు చెందిన పాదిరి. కావి కట్టాడు, మాంసం మానేశాడు, తత్వబోధకస్వామి అనిపించుకున్నాడు. ఆ దారిలోనే 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెసూట్లు పుదుచ్చేరి వైపు నుంచి మన పక్కకూ సన్యాసుల వేషంలోనే వచ్చారు. గొప్ప సాహసమే, కాదనను. కానీ వాళ్ళు ఎవరి సంస్కృతిలో కలిశారు? మదురైలో పైకులాల వాళ్ళ దగ్గరికి పోయే స్వాములు వేరు, కింది కులాల కోసం పండారస్వాములు వేరు. 1744లో 14వ బెనెడిక్ట్ పోపు మలబారు ఆచారాల మీద, అంటే జెసూట్లు ఇట్లా ఒప్పుకున్న ఇక్కడి ఆచారాల మీద తీర్పు చెబుతూ, మంచం పట్టిన పరయవాళ్ళ (తమిళనాట అంటరానివాళ్ళన్న కులం) ఇంటికి కూడా పాదిరి పోయి క్రైస్తవ సంస్కారం జరపాల్సిందే అన్నాడు. దానికి కనిపెట్టిన ఉపాయం ఏంటో తెలుసా, వాళ్ళకని వేరే పాదిర్లను పెట్టడం! సంస్కృతిని గౌరవించాలి అనుకుంటే కులం కూడా దాంతోపాటు తోకలాగా లోపలికొచ్చేసింది.

ప్రొటెస్టెంట్ల సంగతి వేరే. లండన్ మిషన్ వాళ్ళు 1822లో కడపలో మకాం పెట్టారు. చాలాకాలం సంఘంలో పెద్దగా ఎవరూ కలవలేదు. 1876-78 ధాత కరువు తర్వాత పేటలకు పేటలు వచ్చాయి. 'గంజి కోసం పోయినారు' అని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. అవును, ఆకలితోనే పోయినారు, కడుపు నిండినవాడు ఎందుకు పోతాడు? గంజి అయిపోయినాక కూడా ఎందుకున్నారు అనేది అడగాల్సిన ప్రశ్న. బడి ఉంది, 1890లలో జమ్మలమడుగులో క్యాంబెల్ డాక్టర్ మొదలుపెట్టిన ఆసుపత్రి ఉంది, అన్నిటికంటే ముందు పేరుంది. ఊళ్ళో పదేళ్ళ పిల్లోడు కూడా 'గాడు' తగిలించి పిలిచే మనిషి, గుడి రిజిస్టర్లో దేవదానం అయ్యాడు, జీవరత్నం అయ్యాడు, ఆడవాళ్ళు కరుణమ్మ, సువార్తమ్మ అయ్యారు. ఈ పేర్లు ఇంగ్లండ్ నుంచి రాలేదు. అగ్రహారం నుంచీ రాలేదు. మన పేటల్లో పుట్టిన సంస్కృతి అంటే నాకు ముందు ఈ పేర్లే గుర్తొస్తాయి, దీని మీద మాత్రం ఎవరూ సెమినార్ పెట్టరు.

కీర్తనలు చూడండి. పురుషోత్తము చౌదరి గారు 19వ శతాబ్దంలో రాగం, తాళం పెట్టి కట్టినవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఇప్పటికీ పాడుతున్నాం. మా జేజికి ఆ రాగం పేరు తెలియదు. చెక్కభజన ఎత్తులో లాగి పాడేది, నాట్లేసేటప్పుడు కూడా అదే. ఏ కమిటీ తీర్మానమూ లేకుండా మా పేట ఆ కీర్తనను తన గొంతులోకి మార్చుకుంది. వేమన కూడా అంతే. పాదిర్లకు వేమన నచ్చాడు, విగ్రహాలను తిట్టాడు కాబట్టి. వేమన కోసం ఊరూరా తాటాకులు వెతికించింది మాత్రం ఇదే కడపలో 1820లో కొలువులో చేరిన బ్రౌన్ దొర. ఆయన కంపెనీ ఉద్యోగి, మిషనరీ కాదు, కానీ వాళ్ళ నాయన కలకత్తాలో పాదిరి. అదే వేమన కులాన్ని తిట్టిన పద్యాలు మన పుల్పిట్ మీద ఎన్నిసార్లు విన్నారు?

ఎందుకంటే అక్కడే మనకు ఇబ్బంది. ఇంగ్లండ్‌లో పుట్టిన మిషన్ల తేడాలు మన పల్లెల్లోకొచ్చి ఏ పేటకు ఏ గుడి అనే లెక్కగా మారాయి. 1947లో ఆ మిషన్ల సంఘాలు చాలా కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడితే, నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది 1975 దాకా బయటే ఉన్నారు. సరే, అది పెద్దల తగాదా. మాలపేటలో ఒక గుడి, మాదిగపేటలో ఒక గుడి ఎవరి తగాదా? బొట్టు పెట్టుకుందని కోడలిని గుడిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్లకు రావద్దంటాం, తాళికి సిలువ వేయించామా లేదా చూస్తాం, పక్కింటివాళ్ళు తిరునాళ్ళ ప్రసాదం ఇస్తే తీసుకోవాలా వద్దా అని రాత్రంతా వాదిస్తాం. పిల్లను ఇచ్చేటప్పుడు మాత్రం ఏ పేట అని అడుగుతాం. బొట్టు తుడవడం సులభమైంది మనకు.

అయ్యగారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను.

మా పెదనాయన ఇప్పుడు లేడు. పోయిన డిసెంబరులో మా పేట పిల్లోళ్ళు మళ్ళీ అదే తప్పెట అడిగారు. ఈసారి నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు, పోయి పెద్దమ్మను అడగండి అన్నాను. ఆమె గుడి మెట్ల మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తా ఉంది. ఒలవడం ఆపకుండానే అడిగింది:

"ఎవురు కొట్టమన్నారు?"

"ఎవురూ చెప్పలేదు పెద్దమ్మా, మేమే."

"ఊళ్ళో పెద్దోళ్ళు పిలిస్తే పోతారా?"

"పోము."

"అట్లయితే బాగా కాచుకోండి. పోయినసారి వీడు సరిగా కాచలే."